దొరసాని ఇచ్చిన దుమ్ము మిషను

వ్యాక్యూం క్లీనర్ కొందామని ఆమధ్య మా ఇంట్లో మాట వచ్చింది. అక్కర్లేదన్నాను. ఎందుకని అడిగారు మా ఆయన. అక్కర్లేదంటే అక్కర్లేదు, దానికో ఉపన్యాసం కావాలా అన్నాను. నా నోటి సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఊరుకున్నారు. కానీ ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఈ సంగతి నోటితో చెప్పడం నా వల్ల కాదు. మొదట గొంతు లేస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. కాగితం మీదైతే మధ్యలో అడ్డం వచ్చేవాళ్ళు ఉండరు కదా అని రాస్తున్నాను.

ఎనభైల్లో మేం రేపల్లెలో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడ ఆడపిల్లల క్రైస్తవ మిషన్ బోర్డింగులో మేట్రన్. నాన్న పక్క ఊళ్ళో బడిపంతులు, సైకిలు మీద వెళ్ళొచ్చేవాడు. బోర్డింగు ఆవరణలోనే మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. నేను పెద్దదాన్ని. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయారు. ఆ తర్వాత పుట్టి బతికింది చెల్లి. అందుకని చెల్లంటే అమ్మకు ప్రాణం. ఆ ప్రాణానికి పాలు తాగే వయసు నుంచే ఉబ్బసం.

ఉబ్బసం చూడనివాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. పిల్ల పడుకోలేకపోయేది. మంచం మీద కూర్చుని, మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చి, ఊపిరి కోసం కొట్టుకునేది. ముక్కుపుటాలు ఎగిరిపడేవి. మెడ కింద గుంట లోపలికి పోయేది. రొమ్ములో పిల్లికూతలు పక్క గదిలోకి వినబడేవి. అమ్మ దాని వీపు రుద్దుతూ, "ప్రభువా, నా ఊపిరి తీసి దీనికియ్యి" అనేది. ఉత్త మాట కాదది. ఇచ్చే వీలుంటే ఆ క్షణంలో ఇచ్చేసేదే.

బోర్డింగు మీద పెత్తనం ఒక జర్మనీ దొరసానిది. ఆవిడకు తెలుగు బాగానే వచ్చు గానీ అదంతా బైబిలు తెలుగు. పప్పులో ఉప్పు తక్కువైతే "మేట్రనూ, ఈ పప్పు నిస్సారమాయెను" అనేది. పిల్లలు ఓణీలు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. శుభ్రం దగ్గర మాత్రం ఆవిడ నిప్పు. అమ్మా అదే బాపతు. ఇద్దరికీ బాగా కుదిరింది. ముసలితనం మీదపడి ఆవిడ స్వదేశం వెళ్ళిపోయేటప్పుడు సామాను తలా ఒకటి పంచిపెట్టింది. బీరువా ఒకరికి, కుట్టుమిషను ఒకరికి. అమ్మను తన గదిలోకి పిలిచి, నేలంతా తిరిగి దుమ్ము పీల్చే మిషను చూపించింది.

"దీనిని నీ చిన్నదాని కొరకు ఇచ్చుచున్నాను. ప్రతిదినము దాని పడకమీద నడిపించుము. ధూళి పోయినయెడల దాని రొమ్ము స్వస్థపడును" అంది.

అమ్మ ఆ మాటను వాక్యంగా పట్టుకుంది. దొరసాని వెళ్ళిన కొన్నాళ్ళకే పోయిందని కబురొచ్చింది. ఇక చెప్పేదేముంది, అది చచ్చిపోయినావిడ కడసారి మాట కూడా అయింది.

వస్తువు మాత్రం మామూలుది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు దొరికే ప్లాస్టిక్ డొక్కులు దాని కాలిగోటికి సరిపోవు. ముదురాకుపచ్చ రంగులో, చక్రాల మీద కదిలే బరువైన డబ్బా. దాని ముందువైపు ఎటంటే అటు వంగే గొట్టం, గొట్టానికి స్టీలు కడ్డీ, కడ్డీ చివర బ్రష్షు. పరుపుకొక బ్రష్షు, నేలకొకటి, మూలలకు సన్నటిదొకటి. స్విచ్చి వేస్తే అరిచేది కాదు, గుర్రుమనేది. పని అయ్యాక కాలితో ఒక్క నొక్కు నొక్కితే వైరు సర్రున లోపలికి పోయేది. అది చూడ్డానికే బోర్డింగు పిల్లలు మా గుమ్మంలో మూగేవాళ్ళు. మూత తీస్తే లోపల మందపాటి కాగితం సంచి ఉండేది. పీల్చిన దుమ్ము అందులో ఉండిపోతుంది, గాలి మాత్రం కాగితంలోంచి వడకట్టుకుని డబ్బా వెనక చిల్లుల్లోంచి బయటికొస్తుంది. సంచి నిండితే పారేసి కొత్తది పెట్టుకోవాలి. దొరసాని ఒక అట్టపెట్టె నిండా సంచులు కూడా ఇచ్చిపోయింది.

మొదటి రోజు చెల్లి దూదిపరుపు మీద తిప్పి, సంచి విప్పి చూపించింది అమ్మ. లోపల బూడిదలాంటి పొడి. బోర్డింగు వంటావిడ బుగ్గలు నొక్కుకుంది.

"అమ్మో అమ్మో! ఇదంతా పిల్ల గుండెల్లోకేనా పోయేది మేట్రనమ్మగారూ!"

"ఇకనించీ పోదులే" అంది అమ్మ. ఆ గొంతులో ధీమా నాకు ఇంకా గుర్తుంది.

నిజంగానే పోలేదు. ఆ మొదటి ఏడాది చెల్లికి గుణం కనిపించింది. నెలకు మూడు నాలుగుసార్లు వచ్చే ఆయాసం ఎప్పుడో ఒకసారికి తగ్గింది. బళ్ళోకి రోజూ వెళ్ళింది. ఆటల్లో పరిగెత్తింది కూడా. అమ్మ మిషనుకు గుడ్డతో ఒక ముసుగు కుట్టి, దాని మీద సిలువ కుట్టు వేసింది. వచ్చినవాళ్ళందరికీ దొరసాని పుణ్యమని చెప్పేది.

ఆ రోజుల్లోనే అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. మిషను కాసేపు తిరిగాక వెనక చిల్లుల్లోంచి వచ్చే గాలి వెచ్చగా ఉంటుంది. మా వైపు ఆయాసానికి మొదటి వైద్యం కాపడం. ఉప్పు మూటగట్టి పెనం మీద వేడిచేసి రొమ్ముకు పెడతారు, ఆముదపాకు వెచ్చజేసి వీపుకు వేస్తారు. ఈ గాలి వెచ్చన, పైగా దుమ్ము తీసేసిన గాలి. ఇంతకంటే మంచి కాపడం ఎక్కడుంది? చెల్లిని చిన్న ముక్కాలిపీట మీద మిషను వెనక కూర్చోబెట్టి, గౌను వెనకవైపు పైకెత్తి, వీపుకు ఆ గాలి తగలనిచ్చేది. కాసేపు వీపు, కాసేపు రొమ్ము. చెల్లి కళ్ళు మూసుకుని "హాయిగా ఉందమ్మా" అనేది. హాయిగానే ఉండేదేమో. ఆ కాగితం సంచులు ఉన్నంతకాలం దానివల్ల చెడు జరగలేదు.

సంచులు అయిపోవచ్చాయి. పారేయడమన్నది మా అమ్మ జన్మలో లేదు. బ్రెడ్డు చుట్టిన కాగితం కూడా మడతపెట్టి దాచే మనిషి. నిండిన సంచిని అడుగున కోసి, పెరట్లో దులిపి, మైదా జిగురుతో అతికించి మళ్ళీ పెట్టేది. అట్లా ఒక్కో సంచి ఎన్ని చావులు చచ్చిందో. చివరికి కాగితం నలిగి చీలికలైంది. నాన్న తెనాలి వెళ్ళి కరెంటు సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ఒక కొట్టాయన సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సిమెంటు బస్తా ముక్కా మాస్టారూ?" అన్నాడట. నాన్న నవ్వుతూ చెప్పాడు గానీ అమ్మ నవ్వలేదు.

అప్పుడు నాన్న పాత పల్చటి మల్లు పంచె చించి, కాగితం సంచి కొలతకు అమ్మ గుడ్డసంచి కుట్టింది. కుట్టంటే కుట్టా అది! మెడ దగ్గర అట్ట పెట్టి, అంచు మడిచి, రెండేసి వరసలు. సరిగ్గా అతికింది. మిషను గుర్రుమంది. లోపల దూదిపోగులు, వెంట్రుకలు, చీమలు, అన్నీ సంచిలోనే ఉన్నాయి. వారానికోసారి ఉడుకునీళ్ళలో సోడా వేసి ఉతికి, నీలిమందు పెట్టి ఎండేసేది. పాస్టరుగారి భార్య చూసి, "కాగితం సంచి పారేయాలి, దీన్ని ఉతుక్కోవచ్చు. జర్మనీవాళ్ళకి తట్టలా ఈ తెలివి" అని మెచ్చుకుంది. అమ్మ సిగ్గుపడుతూ పైట సర్దుకుంది.

అక్కణ్ణించి చెల్లికి మళ్ళీ మొదలైంది. ముందు అప్పుడప్పుడు, తర్వాత వారం వారం. అమ్మ ఏమనుకుంది? ఇంట్లో దుమ్ము ఎక్కువైందనుకుంది. మరి ఉంది కదా కళ్ళెదుట! తుడిచిన గంటకే అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు. రోడ్డు మీద లారీలు పెరిగాయంది, ధాన్యం మిల్లు నుంచి ఊక కొట్టుకొస్తోందంది. కిటికీలు మూసింది. కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది. రోజుకొకసారి తిప్పే మిషను రెండుసార్లు తిప్పింది. ఆయాసం ఎక్కువైన రోజున కాపడమూ ఎక్కువే. పిల్ల ఎంత రొప్పితే అమ్మ అంత తుడిచేది. అమ్మ ఎంత తుడిస్తే పిల్ల అంత రొప్పేది. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, నేను ఇంటర్ అయిపోయేదాకా మా ఇంట్లో ఇదే తిరగలి.

తెనాలిలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. రేపల్లె బండిలో చెల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, అమ్మ దాని వీపు మీద చెయ్యి తీసేది కాదు. ఆయన స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. "ఇవి నేను చెప్పినన్ని రోజులే వాడాలమ్మా, మించితే ప్రమాదం" అని గట్టిగా చెప్పాడు. కానీ మానితే ఊపిరాడదు, వాడితే ఆడుతుంది. ఏ తల్లి మానుతుంది? చెల్లి మొహం ఉబ్బింది. బుగ్గలు గుండ్రంగా, చేతులు పుల్లల్లా. ఎత్తు పెరగడం ఆగిపోయింది. దాని ఈడు పిల్లలు ఓణీలకొచ్చారు, అది ఇంకా గౌన్లలోనే ఉంది. ఏడో తరగతి మధ్యలో బడి మానేసింది. బడి మానిపించిన రోజున పుస్తకాలు దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మా మేనత్త అంగలకుదురులో ఉండేది. నాన్న చెల్లెలు. రెండు గేదెలు, పెరటి నిండా గడ్డి, ఇంటి ముందు పేడకళ్ళాపు. ఎండాకాలం చెల్లిని అక్కడ వదిలితే వారం తిరిగేసరికి పిల్లికూతలు పోయేవి. గడ్డివాము చుట్టూ తిరిగేది, గేదెలకు నీళ్ళు పెట్టేది. ఇంటికొచ్చిన రెండు రోజులకు మళ్ళీ మామూలే.

"మా ఊరి నీళ్ళ గుణమే. ఇంకేంటి?" అనేది అత్తయ్య. ఊరుకుంటే అత్తయ్య ఎట్లా అవుతుంది? "మీ జర్మనీ మిషను కంటే నా పేడకళ్ళాపే నయం వదినా" అని ఒక చురక కూడా అంటించేది.

అమ్మకు ఒళ్ళు మండేది. "పేడలో పురుగులుంటాయి. ఆమెకేం తెలుసు శుభ్రం సంగతి" అని, పిల్లను వేసవి ముగియకముందే ఇంటికి తెచ్చేసేది. తెచ్చి, ఆ పల్లెటూరి దుమ్మంతా పోవాలని మిషను వెనక కూర్చోబెట్టేది.

తొంభైల మొదట్లో నాకు బాపట్లలో హోం సైన్స్‌లో సీటొచ్చింది. మా నాన్న సంతోషం అంతా ఇంతా కాదు. అత్తయ్య మాత్రం "వంట చెయ్యటానికి కూడా కాలేజీ కావాలా ఏంటే?" అని మూతి విరిచింది. ఇల్లు నడిపే సామాను గురించి మాకొక క్లాసు ఉండేది. కుక్కరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఒక్కొక్కటీ విప్పి చూపించేవాళ్ళు. ఒకరోజు మా మేడమ్ వ్యాక్యూం క్లీనర్ తెచ్చి బల్ల మీద పెట్టారు. నాకు లోపల గర్వం పొంగింది. మిగతావాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు, మాకు ఇంట్లోనే ఉంది, ఇంతకంటే మంచిది.

మేడమ్ మూత తీసి సంచి బయటికి లాగారు. "దీంట్లో మోటారు గొప్ప కాదు. ఈ సంచే గొప్ప. సంచి సరైంది కాకపోతే ఇది ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఊదే గొట్టం, అంతే" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "మల్లుగుడ్డతో కుట్టుకుంటే సరిపోద్దా మేడమ్?"

క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "కంటికి కనపడే చెత్త ఆగుద్దమ్మా. కనపడని పొడి ఆగదు, గుడ్డలోంచి సన్నగా వచ్చేసిద్ది. గుండెల్లోకి దిగేది ఆ కనపడనిదే. మామూలువాళ్ళకైతే తుమ్ములతో పోయిద్ది. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో ఆ పని చెయ్యకూడదు."

"వెనక గాలి వచ్చే చోట కూర్చుంటేనో మేడమ్?"

"ఎవరమ్మా, అక్కడ కూర్చునేది?" అన్నారు ఆవిడ, నిజంగా అర్థం కాక.

అద్దం మీద దుమ్ము గుర్తొచ్చింది. అంగలకుదురు గుర్తొచ్చింది. ముక్కాలిపీట గుర్తొచ్చింది. ఆ సాయంత్రం హాస్టల్లో నేను అన్నానికి వెళ్ళలేదు. శనివారం పొద్దున్నే బయల్దేరాను. బాపట్ల నుంచి తెనాలి, తెనాలిలో దిగి రేపల్లె బండి. ఆ బండి ఎప్పుడూ నత్తనడకే, ఆ రోజు మరీనూ. ప్రతి స్టేషన్లో ఎవరో తాపీగా దిగుతుంటే దిగేవాళ్ళను తోసెయ్యాలనిపించింది.

బోర్డింగు గేటు దాటగానే గుర్రుమనే చప్పుడు వినిపించింది. శనివారం ఇంటికి పెద్ద శుభ్రం, ఆదివారం గుడికి వెళ్ళాలి కదా. తలుపు నెట్టాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చెల్లి పీట మీద మిషను వెనక కూర్చుని ఉంది. గౌను వెనక ఎత్తి ఉంది. ముందుకు వంగి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి రొప్పుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. అమ్మ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని పరుపు మీద తిప్పుతూ, ఇంకో చేత్తో దాని తల నిమురుతోంది. నేను వెళ్ళి ప్లగ్గు ఊడబెరికాను.

"ఏంటే అది? అట్టా లాగితే మోటారు పాడైద్ది!"

"పిల్ల పాడైపోయిందమ్మా. మోటారుకి ఏడుస్తావేంటి?"

చెల్లిని ఎత్తుకుని వరండాలో కూర్చోబెట్టి, తిరిగొచ్చి చెప్పడం మొదలుపెట్టాను. సగం కూడా విన్లేదు అమ్మ.

"దొరసాని అమ్మగారు ఇచ్చిన వస్తువు. ఆవిడ పిల్లకి చెడు కోరి ఇచ్చిందా? నాలుగు నెలలు కాలేజీకి పోయొచ్చి నాకు చెప్తున్నావా నువ్వు? ఇంత శుభ్రంగా ఇల్లు పెట్టుకునేది ఈ ఆవరణలో ఇంకెవరన్నా ఉన్నారా?"

"మిషనుని అనలేదమ్మా. సంచి. నువ్వు కుట్టిన సంచి."

"నా సంచికేం? వారం వారం ఉతుకుతున్నా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. నాన్న అంతసేపూ గుమ్మంలో నిలబడి విన్నాడు. వెళ్ళి, ఉతికిన తెల్ల తువ్వాలు ఒకటి నీళ్ళలో తడిపి పిండి తెచ్చాడు. మిషను వెనక చిల్లులకు అడ్డంగా కట్టి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. కాసేపాగి ఆపి, తువ్వాలు విప్పి అమ్మ చేతికిచ్చాడు.

మిషను వెనక చిల్లులు ఎన్ని ఉన్నాయో అన్ని మచ్చలు తువ్వాలు మీద వరసగా దిగాయి, బూడిద రంగులో. అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సందుల్లో కుక్కిన పేలికలు లాగేసి రెక్క తెరిచింది. వెలుతురులో చూసింది. వేలితో రుద్దింది. వాసన చూసింది.

"ఇదంతానా?" అంది.

నేను తలూపాను.

"ఇన్నేళ్ళ నుంచా?"

"ఇక చాల్లే, ఊరుకో" అన్నాడు నాన్న. ఎవర్ని అన్నాడో తెలియదు.

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆ తువ్వాలు తీసుకెళ్ళి బావి దగ్గర కూర్చుని ఉతికింది. తెల్లగా అయ్యాక కూడా ఉతుకుతూనే ఉంది. గుడ్డసంచి పొయ్యిలో పెట్టింది. నాన్న మిషనుకు ఆ సిలువ కుట్టు ముసుగు తొడిగి అటక మీద పెట్టాడు. దూదిపరుపు బయట పారేసి చెల్లికి చాప, దుప్పటి వేశాం. కిటికీలు తెరిచాం. నేల తడిగుడ్డతో తుడిచాం. అంతే. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

చెల్లికి తగ్గింది. నేను సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా ఇంకొంచెం తగ్గింది. మొహం వాపు దిగింది. డాక్టరు మాత్రలు మెల్లమెల్లగా తగ్గించి చివరికి మాన్పించాడు. ఆ రోజు తెనాలికి నేనూ వెళ్ళాను. ఆయన రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఆశ్చర్యంగా తలెత్తాడు.

"ఏం చేశారమ్మా? ఏం మార్చారు ఇంట్లో? చెప్పండి, ఇంకొకళ్ళకి చెప్తాను."

నాన్నే అందుకున్నాడు. "నీళ్ళు మార్చామండి డాక్టరుగారూ. అంగలకుదురు నీళ్ళు తెప్పిస్తున్నాం." మా నాన్న అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. డాక్టరు తలూపి, చెల్లిని గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచాడు. "ఊపిరికి ఢోకా లేదు. ఎత్తు మాత్రం ఇక పెద్దగా పెరగదమ్మా. మాత్రలు ఎక్కువకాలం పడ్డాయి" అన్నాడు. చెల్లి గోడకు ఆనుకునే నవ్వింది. దానికి ఊపిరాడుతోంది, ఎత్తుతో ఏం పని?

ఇంట్లో సంతోషం ఉండాలి కదా. లేదు. అమ్మ చెల్లిని దగ్గరికి తీయడం మానేసింది. అన్నం పెట్టేది, జడ వేసేది, కళ్ళలోకి చూసేది కాదు. మధ్యాహ్నం చెల్లి చాప మీద చప్పుడు లేకుండా నిద్రపోతుంటే, అమ్మ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది. చెల్లి ఊరుకుంటుందా? "అమ్మకి నామీద కోపం ఎందుకక్కా?" అని నన్నడిగింది. లేదులే, బోర్డింగులో పని ఎక్కువైందన్నాను.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో జబ్బు మనిషి కోలుకుంటే, స్త్రీల సమాజంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి, దేవుడు ఏం మేలు చేశాడో పదిమందికీ వినిపించాలి. చెల్లి సంగతి ఊరంతా చూసింది. "ఏంటి మేట్రనమ్మా, ఇంత మేలు పొంది నోరు మూసుకుంటావా?" అని వారం వారం పొడిచేవాళ్ళు. అమ్మ ఇవాళ తలనొప్పని, రేపు పనుందని తప్పించుకుంది. ఎన్నాళ్ళు తప్పించుకుంటుంది? ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నేను సెలవులకు వచ్చి పక్కనే కూర్చుని ఉండగా, పాస్టరుగారి భార్య అమ్మ చెయ్యి పట్టుకుని లేవదీసింది.

అమ్మ నిలబడింది. తల మీద ముసుగు సర్దుకుంది. ముందు వరసలో చాప మీద చెల్లి చిన్నపిల్లల్లో కూర్చుని ఉంది. అమ్మ దాన్ని చూసింది.

"ఇన్నేళ్ళూ నా బిడ్డకి ఊపిరాడకుండా చేసింది..." అని ఆగిపోయింది.

"సాతానే, సాతానే" అన్నారు చుట్టూ ఆడవాళ్ళు. "స్తోత్రం" అంది ఒకామె. "ఆమెన్" అన్నారు అందరూ.

అమ్మ కూర్చుండిపోయింది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం పట్టలేకపోతోంది పాపం అని పక్కావిడ అమ్మ భుజం తట్టింది. పాట ఎత్తుకున్నారు.

ఇంటికి నడిచొస్తున్నాం. ఎండ ఇంకా చల్లబడలేదు. చెల్లి ముందు నడుస్తోంది, నడవడం కాదు, ఉరుకుతోంది. ఒకప్పుడు ఆ దారిలో అది మూడు చోట్ల కూర్చునేది. అమ్మ ఉన్నట్టుండి రోడ్డు పక్కన ఆగింది.

"నేనొక మాట చెప్తా, మీ నాన్నకి చెప్పమాకే" అంది. "అది అట్టా ఉరుకుతుంటే నేను చూళ్ళేకపోతున్నా. ఒక్కసారి ఆయాసం వస్తే బాగుండు అనిపిస్తందే నాకు. ఒక్కసారి. ఆ గాలి వల్ల కాదు, నా సంచి వల్ల కాదు, దాని ఒళ్ళే అంత అనుకోవచ్చుగా. రోజూ పొద్దున్నే లేచి చెవులు రిక్కించుకుని కూర్చుంటన్నా. పిల్లికూతలు వినపడతయ్యేమోనని. తల్లినేనా నేను?"

నాకు అమ్మను కొట్టాలనిపించింది. కావిలించుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేక నిలబడ్డాను. అన్నేళ్ళు ఆ గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు, తలుపులేసుకుని. నేను తలుపు తీసినందుకు చెల్లి బయటికొచ్చింది. అమ్మను లోపలే వదిలేసి వచ్చాం మేం.

దూరం నుంచి చెల్లి మావైపు తిరిగింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "ఏంటి అక్కడే నిలబడ్డారు? రండమ్మా, రండీ!" అని వీధి వీధంతా వినబడేలా గొంతెత్తి అరిచింది.

అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది.